నేవీ మెట్ సెక్షన్ రిటైరీల సంఘం నడపాలంటే

నేవీలో వాతావరణం చూసే పని చేసి ఊరికి తిరిగొచ్చినవాళ్లు మన దగ్గర ఉన్నారు గానీ గుంపుగా లేరు. ఆర్మీ నుంచి వచ్చినాయనకు పక్క ఊళ్లోనే తోడు దొరుకుతుంది. మెట్ సెక్షన్ (మెటియరాలజీ, అంటే వాతావరణ విభాగం) వాళ్లలో ఒకరు దేవరకొండలో ఉంటే ఇంకొకరు వనపర్తిలో, మరొకరు కోదాడ దగ్గర ఏదో పల్లెలో ఉంటారు. "నేవీల జేసిండు" అని తప్ప ఏం పని చేశాడో ఇరుగుపొరుగుకు తెలియదు. గాలి ఎటు వీస్తోంది, మబ్బు ఎంత ఎత్తులో ఉంది, ఎంత దూరం కనిపిస్తోంది అని గంటగంటకూ చూసి రాసే మనిషి ఒకడుంటేనే విమానం లేస్తుందని చెబితే ఆశ్చర్యపోతారు. నేను నల్గొండలో ఉంటూ పాత నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్ వాళ్ల సంఘాన్ని కొన్నేళ్లుగా చూసుకుంటున్నాను. ఇలాంటి చిన్న సంఘం బాధ్యత తలకెత్తుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

కొచ్చిలోని నేవీ ఓషనాలజీ, మెటియరాలజీ స్కూల్లో మనకు మొదట నేర్పింది ఒకటే. చూసింది వేరు, అనుకున్నది వేరు. ముందు అబ్జర్వేషన్ రాయాలి, ఆ తర్వాతే ఫోర్‌కాస్ట్ మాట. సంఘాన్ని నడపడానికి నాకు ఇంతకన్నా పనికొచ్చిన సూత్రం దొరకలేదు.

మొదట రిజిస్టరు

చాలామంది లెటర్‌హెడ్, బ్యానర్, అధ్యక్ష కార్యదర్శుల పేర్లతో మొదలుపెడతారు. నా లెక్కలో మొదటి పని మనుషుల రిజిస్టరు. అట్ట గట్టిగా ఉన్న పెద్ద నోట్‌బుక్ తీసుకుని ఒక్కో మనిషికి ఎదురెదురు పేజీలు రెండు కేటాయించండి. ఎడమ పేజీలో సర్వీసు వివరాలు రాయాలి. సర్వీస్ నంబరు, చేరిన తేదీ, బయటికొచ్చిన తేదీ, చివరి ర్యాంకు, పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) నంబరు. కుడి పేజీ ఇంటి వివరాలకు. భార్య పేరు, పిల్లల ఫోన్ నంబర్లు, పెన్షన్ పడే బ్యాంకు శాఖ, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉందా లేదా, కాగితాల సంచి ఇంట్లో ఎక్కడుంది. ఖాతా నంబర్లు, పాస్‌వర్డులు మాత్రం రాసుకోవద్దు. ఎవరైనా ఇస్తానన్నా తీసుకోవద్దు.

భార్య పేరు దగ్గర కాసేపు ఆగాలి. సర్వీసు రికార్డులో ఏముంది, పీపీఓలో ఏముంది, ఆధార్‌లో ఏముంది, బ్యాంకు పాస్‌బుక్కులో ఏముంది, నాలుగూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసి రాయండి. మన పల్లెల్లో పెళ్లినాటికి 'లక్ష్మమ్మ' అని రాయించినామె ఆధార్‌లో 'లక్ష్మి' అయి ఉంటుంది. ఒకచోట పుట్టింటి ఇంటిపేరు, ఇంకోచోట అత్తింటి ఇంటిపేరు ఉంటాయి. ఇక పుట్టిన తేదీ అయితే జనవరి 1 అని ఎవరో ఆఫీసులో కూర్చుని వేసేసి ఉంటారు. భర్త బతికి ఉండగా అయితే ఈ తేడా ఒక దరఖాస్తుతో, అఫిడవిట్‌తో సర్దుకుంటుంది. నావికుల రికార్డులు ముంబై మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌లో ఉంటాయి కాబట్టి దరఖాస్తు అక్కడికే పోవాలి. ఆయన పోయాక అదే తేడా ఆమెను నెలల తరబడి తిప్పుతుంది. అందుకే కొత్త సభ్యుడు చేరిన రోజే చందా కన్నా ముందు ఈ నాలుగు కాగితాలు అడగండి.

మనుషులను వెతకడానికి దగ్గరి దారి లేదు. సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్లు జాబితా చేతికివ్వరు, ఇవ్వకూడదు కూడా. అక్కడి నోటీసు బోర్డు మీద కాగితం పెట్టుకోనిమ్మని అడగండి. సాయుధ దళాల పతాక దినం డిసెంబర్ 7న, వెటరన్స్ డే జనవరి 14న జరుగుతాయి. ఆ రోజుల్లో అక్కడికి పోయి నిలబడండి. క్యాంటీన్ లైన్లోనూ ఈసీహెచ్‌ఎస్ లైన్లోనూ "నేవీలో ఏ బ్రాంచి?" అని అడగడం అలవాటు చేసుకోండి. గరుడ, డేగ, రాజాళి అన్న నేవీ విమాన స్థావరాల పేర్లు వినగానే ముఖం వెలిగే మనిషి దొరికితే అతను నేవల్ ఏవియేషన్ వాడే. మెట్ కాకపోయినా, మెట్ వాళ్లెవరో అతనికి తెలిసి ఉంటుంది.

పెన్షన్ రాకుండా మధ్యలో బయటికొచ్చినవాళ్లను, మెట్ ఆఫీసర్లుగా చేసినవాళ్లను, చనిపోయినవాళ్ల భార్యలను పూర్తి సభ్యులుగానే తీసుకోండి. భార్యలకు ఓటు ఉండాలి. ఇది నా గట్టి అభిప్రాయం. సంఘం అవసరం అందరికన్నా ఎక్కువ వాళ్లకే.

రిజిస్ట్రేషన్, డబ్బు

ఇందులో పెద్ద మర్మం ఏమీ లేదు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుండాలి. మెమొరాండం, నియమావళి రాసుకుని జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. ఏటా సర్వసభ్య సమావేశం అయ్యాక కొత్త కమిటీ జాబితా, లెక్కలు ఇస్తూ ఉండాలి. బ్యాంకు ఖాతా మీద ఇద్దరి సంతకాలు పెట్టించండి. ఆ ఇద్దరూ ఒకే ఊరివాళ్లు, ఒకే కుటుంబంవాళ్లు కాకుండా చూడండి. చందా తక్కువ పెట్టి, వచ్చింది, పోయింది ప్రతి సమావేశంలో గట్టిగా చదివి వినిపించండి. అంతకు మించి డబ్బు గురించి టెన్షన్ పడే పని ఈ సంఘంలో రాదు.

ఎక్కడ కలవాలి

నల్గొండవాళ్లు నల్గొండలోనే పెట్టమంటారు, పాలమూరువాళ్లు మహబూబ్‌నగర్‌లోనే అంటారు. 2016లో జిల్లాలు విడిపోయాక సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాలవాళ్లు కూడా "మా జిల్లాల ఎందుకు పెట్టరు" అంటున్నారు. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ, హాలియా, మిర్యాలగూడ మీదుగా కోదాడ దాకా ఒకే జాతీయ రహదారి ఉంది. ఆ దారి మీద మధ్యలో పడేది కల్వకుర్తి లేదా దేవరకొండ. సగం సమావేశాలు ఆ రెండు చోట్ల పెడితే ఎవరికీ మరీ దూరం కాదు. బస్టాండుకు నడిచిపోయేంత దగ్గర్లో, మెట్లెక్కే అవసరం లేని గది చూడండి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఫంక్షన్ హాలు సొగసు కన్నా కింది అంతస్తు ముఖ్యం.

ఏప్రిల్, మే ఎండల్లో పెట్టొద్దు. మృగశిర కార్తె వచ్చాక విత్తనాల పని ఉంటుంది, అప్పుడూ వద్దు. బతుకమ్మ రోజుల్లో ఇంటావిడ రాదు, ఆమె లేకుండా ఆయన వచ్చి ప్రయోజనం సగమే. మాకు కుదిరిన తేదీలు రెండు. డిసెంబర్ 4 నేవీ దినోత్సవం, మార్చి 23 ప్రపంచ వాతావరణ దినోత్సవం. మార్చి 23ను సర్వసభ్య సమావేశానికి పెట్టుకోండి. ఆ తేదీకి అర్థం తెలిసిన మాజీ సైనికుల సంఘం మనదే.

పదిన్నరకు మొదలుపెట్టి, చనిపోయినవాళ్ల పేర్లు చదివి, లెక్కలు చెప్పి, భోజనం లోపు తీర్మానాలు ముగించండి. భోజనం తర్వాత కబుర్లే. విరాట్ విమానవాహక నౌక మీద చేసినవాళ్లు పక్కపక్కన కూర్చుంటే ఆ కబుర్లు ఆగవు, ఆపకూడదు కూడా. చీకటి పడకముందే బస్సెక్కించాలి.

వాదన వస్తే

మన సంఘానికి ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. ప్రతివాడూ బతుకంతా తన అంచనా తానే చెప్పినవాడు. పైగా ఆఫీసరు, నావికుడు అన్న పాత వరస మనసులో ఉంటుంది. ఆఫీసర్ సార్ మాట్లాడితే మిగతావాళ్లు లోపల ఒప్పుకోకపోయినా ఊరుకుంటారు. బయటికొచ్చాక ఫోన్లు మొదలవుతాయి. "సార్" అని పిలవడం మానమని నేను చెప్పను, ఆ గౌరవం మన నాలుక మీద ఉంది. కానీ మాట్లాడే వరస మార్చొచ్చు. మేం అందరికన్నా తక్కువ సర్వీసు ఉన్నవాళ్లతో మొదలుపెట్టి పెద్ద ర్యాంకు వాళ్లతో ముగిస్తాం. చిన్నవాళ్లు మొహమాటం లేకుండా మాట్లాడటానికి ఇదొక్కటే దారి.

ఏ ఫిర్యాదు వచ్చినా మెట్ పద్ధతిలోనే విప్పండి. "పెన్షన్ తగ్గించేసిండ్రు" అని ఒకాయన లేస్తాడు. అది ఫోర్‌కాస్ట్. అబ్జర్వేషన్ ఏది? పోయిన నెల ఎంత పడింది, ఈ నెల ఎంత పడింది, స్పర్శ్‌లో (రక్షణ శాఖ పెన్షన్ పోర్టల్లో) పెన్షన్ స్లిప్పు ఏం చెబుతోంది? స్లిప్పు తెరిచి చూస్తే చాలాసార్లు కారణం దాన్లోనే ఉంటుంది. ఆదాయపన్ను కోత కావచ్చు, అంతకుముందు నెలల్లో పడిన బకాయి ఈ నెల లేకపోవడం కావచ్చు. కమ్యూట్ చేసిన, అంటే ముందే ఒకేసారి డబ్బుగా తీసుకున్న పెన్షన్ భాగం 15 ఏళ్లకు తిరిగి కలవాలి. కలవకపోతే తేదీలతో సహా రాసి పంపాలి. కాగితం చూడకుండా సంఘం పేరుతో ఒక్క ఉత్తరం కూడా పంపొద్దు. ఓఆర్‌ఓపీ (ఒకే ర్యాంకు, ఒకే పెన్షన్) సవరణలు 2014 జూలై 1, 2019 జూలై 1, 2024 జూలై 1 తేదీల నుంచి వర్తించాయి. ఆ పట్టికల్లో తన ర్యాంకు, తన సర్వీసు కాలం ఎదురుగా ఉన్న అంకె ఎంతో ప్రతి సభ్యుడి పేజీలో రాసి పెట్టుకుంటే సగం ఫోన్లు తగ్గుతాయి.

నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ల పని ఉంటుంది. వ్యవసాయం చేసిన చేతులకు వేలిముద్రలు అరిగిపోయి యంత్రం పట్టదు. ఫోన్‌లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ ఇచ్చే పద్ధతి వచ్చింది కాబట్టి, ఫోన్ బాగా తెలిసిన సభ్యుడికో, సభ్యుడి కొడుకుకో, కోడలికో ఈ పని అప్పగించండి. ఆ నెల మూడో వారంలో రిజిస్టరు ముందు పెట్టుకుని, ఇవ్వనివాళ్లకు ఒక్కొక్కరికి ఫోన్ చేయండి. గ్రూపులో మెసేజ్ పెట్టి ఊరుకుంటే సరిపోదు. మంచంలో ఉన్నాయన గ్రూపు చూడడు.

ఒకరు పోయినప్పుడు

నాయకుడి పని అసలు తెలిసేది ఇక్కడే. కబురు అందిన రోజు ఇంటికి పోవాలి. దండ, నేవీ జెండా, నలుగురు మనుషులు ఉంటే చాలు. ఆ రోజు కాగితాల మాట ఎత్తొద్దు, ఒక్కటి తప్ప. ఆయన ఏటీఎం కార్డుతో డబ్బు తీయొద్దని పిల్లలకు పక్కకు పిలిచి చెప్పండి. చనిపోయిన తర్వాత పడిన పెన్షన్ వెనక్కి పోవాల్సిందే. ఖర్చయిపోతే ఆమెకు వచ్చే కుటుంబ పెన్షన్‌లోంచి కోసుకుంటారు.

పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో 21 రోజుల్లోపు మరణం నమోదు చేయించాలి. మరణ ధ్రువపత్రంలో ఆయన పేరు పీపీఓలో ఉన్నట్టే, అదే అక్షరాలతో ఉండాలి. రాసే మనిషి ముందు పీపీఓ జిరాక్స్ పెట్టి రాయించండి. చిన్న పనిలా కనిపిస్తుంది గానీ ఇదే అన్నింటికీ మూలం.

పదకొండో రోజు అయ్యాక, ఒక మధ్యాహ్నం తీరిగ్గా పోయి కూర్చోండి. వీలైతే మీ ఇంటావిడను వెంట తీసుకుపోండి. "ఏడ వెట్టిండో నాకెరుక లేదన్నా" అనే మాటే మొదట వినిపిస్తుంది. అప్పుడు రిజిస్టరు కుడి పేజీ తీయండి. బీరువా కింది అరలో, ఆకుపచ్చ సంచి అని ఆయన చెప్పింది అక్కడ రాసి ఉంటుంది. డిశ్చార్జి పుస్తకం, పీపీఓ, మరణ ధ్రువపత్రం, ఆమె ఆధార్, పాన్, ఆమె పేరు ఉన్న పాస్‌బుక్కు ఒక్కొక్కటిగా ఆమె చేతికే ఇచ్చి, అదేం కాగితమో చెప్పండి. కొడుకు చేతికి కాదు, ఆమె చేతికి. స్పర్శ్‌లో మరణ సమాచారం నమోదు, కుటుంబ పెన్షన్ మొదలు కావడం, సైనిక సంక్షేమ కార్యాలయంలో వితంతువు గుర్తింపు కార్డు, ఈసీహెచ్‌ఎస్ మార్పులు, ఈ వరసలో నడవండి.

ఇంకోటి ముందే చెప్పి పెట్టాలి. కుటుంబ పెన్షన్ ఎక్కువ రేటు ఎప్పటికీ ఉండదు. ఏడేళ్లు, లేదా ఆయన బతికుంటే 67 ఏళ్లు నిండే రోజు, రెండింట్లో ఏది ముందైతే అప్పటిదాకానే. ఆ తర్వాత తగ్గుతుంది. చెప్పకపోతే ఆ నెల ఆమె బ్యాంకులో నిలబడి ఎవరో మోసం చేశారనుకుని ఏడుస్తుంది. తగ్గే తేదీని ఆమె పేజీలో రాసుకుని, అంతకు రెండు నెలల ముందు ఫోన్ చేయండి.

"వాన ఎప్పుడు పడ్తది సార్?"

మీరు మెట్ వాళ్లని తెలిశాక ఊళ్లో ఈ ప్రశ్న ఆగదు. జూన్‌లో పత్తి గింజలు కొని పెట్టుకున్న రైతు అడుగుతాడు. జవాబు చెప్పాలని మనకూ నోరు ఊరుతుంది. సంఘానికి ఇక్కడ గట్టి నియమం ఉండాలి. సంఘం పేరుతో ఫోర్‌కాస్ట్ ఇవ్వకూడదు. భారత వాతావరణ శాఖ చెప్పింది, చెప్పిన సమయంతో సహా, మార్చకుండా చెప్పాలి. మన చేతిలో ఇప్పుడు చార్టులు లేవు, రాడార్ లేదు, నైట్ వాచ్‌లో (రాత్రి డ్యూటీలో) పక్కన కూర్చుని మనల్ని సరిదిద్దే తోటివాడు లేడు. ఇంటి మిద్దె మీది ఆకాశం ఒక్కటే ఉంది. ఆ ఆకాశం ఎంత తక్కువ చెబుతుందో 2009 అక్టోబర్‌లో చూశాం. ఎగువన పడిన వానలతో కృష్ణా, తుంగభద్ర ఒక్కసారిగా పొంగి కర్నూలు, అలంపూర్ మునిగాయి.

సభ్యులు గ్రూపులో తమలో తాము అంచనాలు వేసుకోవచ్చు, అది మనకు ప్రాణం. కానీ ఆ మాట గ్రూపు దాటి ఫార్వర్డ్ కాకూడదని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. వాతావరణ శాఖ హెచ్చరికల్లో ఎల్లో అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే వెంటనే కదలమని ఊళ్లో పదిమందికి అర్థమయ్యేలా చెప్పడం మన పని. భారీ వర్షం అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటింది అని, అతి భారీ అంటే 115.6 నుంచి మొదలని చెప్పండి. పిడుగుల కాలంలో గొర్రెల కాపరులకు, పత్తి చేన్లో కూలీలకు దామిని యాప్ ఫోన్‌లో పెట్టించండి. దగ్గర్లో పిడుగులు పడుతున్నాయేమో అది చూపిస్తుంది. ఫోన్ లేని ముసలాయనకు మెరుపు కనిపించాక అంకెలు లెక్కపెట్టడం నేర్పండి. 30 లెక్కపెట్టేలోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. చింతచెట్టు కిందికి పోవద్దు, పక్కా ఇంట్లోకి పోవాలి.

రైతుకు మనం సొంతంగా ఇవ్వగలిగింది కూడా ఒకటుంది. అది కొలత. నేల బాగా తడిశాకే, అంటే 60 నుంచి 75 మిల్లీమీటర్లు పడ్డాకే పత్తి గింజ పెట్టమని వ్యవసాయ అధికారులు చెబుతారు. తన చెలకలో ఎంత పడిందో రైతుకు తెలియదు. పక్క మండలంలో దంచి కొట్టిన వాన ఈ ఊళ్లో చుక్క పడకపోవచ్చు. అందుకని ప్రతి సభ్యుడి ఇంట్లో, దగ్గర్లోని ఒక ప్రభుత్వ బడిలో వర్షమాపకం పెట్టించే పని సంఘం చేపట్టాలి. మా సంఘం చేసే పనుల్లో నాకు అన్నింటికన్నా ఇష్టమైంది ఇదే.

దాన్ని ఎక్కడ పెడతారన్నది ముఖ్యం. గోడ గానీ చెట్టు గానీ ఎంత ఎత్తుందో అంతకు రెట్టింపు దూరంలో ఉండాలి. మూతి నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో, సమంగా ఉండాలి. నీళ్ల మట్టం (స్పిరిట్ లెవెల్) పెట్టి చూడండి. మూతి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు ఉన్నదైతే 20 మిల్లీలీటర్ల నీళ్లు ఒక మిల్లీమీటరు వానకు సమానం. కొలగ్లాసు ఆ మాపకానిదే వాడాలి, వేరేది వాడితే అంకె తప్పుతుంది. ఉదయం ఎనిమిదిన్నరకు కొలవాలి. మనం జీఎంటీ మూడు గంటలకు రాసినది అదే. గ్లాసును చదునైన బండ మీద పెట్టి, పిల్లవాడిని మోకాళ్ల మీద కూర్చోబెట్టి, కన్ను నీటి మట్టానికి సమానంగా తెప్పించండి. గ్లాసు అంచుల దగ్గర నీళ్లు కాస్త పైకి పాకి ఉంటాయి. మధ్యలో కిందికి వంగిన చోటే చదవాలి. అంకె రాసి, పక్కన సంతకం పెట్టించండి. వాన లేని రోజు కూడా సున్నా రాయించాలి. ఖాళీ వదిలేస్తే వాన పడలేదో, చూడలేదో తర్వాత ఎవరూ చెప్పలేరు.

బడి గోడ మీద నల్లబల్లపై ఆ రోజు వాన, జూన్ 1 నుంచి మొత్తం వాన రాస్తే, పిల్లల్ని దింపడానికొచ్చిన రైతులు చూసుకుని పోతారు.

నోరు కట్టుకోవాల్సిన చోట

సంఘం గ్రూపులో పాత ఓడల ఫోటోలు, చార్టు గదిలో తీసుకున్న ఫోటోలు పెట్టాలనిపిస్తుంది. పరికరాలు, చార్టులు, లోపలి గదులు కనిపించే ఫోటో ఏదీ వద్దు. ఓడలు, విమానాల రాకపోకలు, ఏ పనికి ఏ అంచనా ఇచ్చాం అన్న మాటలు రిటైరైనా మన దగ్గరే ఉండాలి. తెలియని నంబర్ నుంచి స్నేహంగా పలకరించి పోస్టింగుల వివరాలు అడిగేవాళ్లుంటారు. అలాంటి ఫోన్ వస్తే ముందు నాయకుడికి చెప్పే అలవాటు చేయించండి. ఎన్నికలప్పుడు పార్టీలవాళ్లు శాలువాలతో వస్తారు. సభ్యుడిగా ఎవరికి నచ్చినచోటికి వాళ్లు పోవచ్చు, సంఘం టోపీ పెట్టుకుని మాత్రం ఏ వేదికా ఎక్కకూడదు. ఈ రెండూ నియమావళిలో రాసి పెట్టండి.

పదవి అప్పగించడం

రెండేళ్లకోసారి అధ్యక్షుడు మారాలి, వరసగా రెండు విడతలకు మించి ఉండకూడదు. వాచ్ (డ్యూటీ) మారేటప్పుడు ఎలా అప్పగించేవాళ్లమో అలాగే చేయండి. దిగిపోయేవాడు వచ్చేవాడిని పక్కన కూర్చోబెట్టుకుని, రిజిస్టరు ప్రతి పేజీ తిప్పుతూ, ఎవరి పని ఎక్కడ ఆగిందో పెన్సిల్‌తో రాసి, ఇద్దరూ తేదీ వేసి సంతకం చేయాలి. జబ్బుతో ఉన్నవాళ్ల పేర్లు, ఒంటరిగా ఉంటున్న వదినమ్మల పేర్లు వేరే కాగితం మీద రాసి ఇవ్వండి. కొత్త అధ్యక్షుడి మొదటి ఫోన్లు వాళ్లకే పోవాలి. బ్యాంకు సంతకాలు ఆ నెలలోనే మార్పించండి. దానికి తీర్మానం నకలు, కొత్తవాళ్ల ఆధార్, పాన్, ఫోటోలు కావాలి. రిజిస్ట్రార్ ఆఫీసులో కొత్త కమిటీ జాబితా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని ఆ నకలును రిజిస్టరు వెనక అట్టకు అంటించండి.